విమానానికి గొంగడి కప్పిన చలికాలం

మొన్న ఆదివారం పొద్దున మా తమ్ముడి కూతురు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, చిన్న సీసా మూత తీసి గోళ్లకు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. ఆవాలనూ ఇంగువనూ తోసుకుని ఆ రంగు వాసన వచ్చి నా ముక్కును పట్టుకుంది. గరిటె చేతిలో ఉండగానే హాల్లోకి వచ్చి, పిల్ల పక్కన నిలబడి గుండెనిండా పీల్చాను. "ఏందత్తా గట్ల వాసన చూస్తున్నవు, నీక్కూడ వెయ్యాల్నా?" అంది. వెయ్యమని చెయ్యి చాపాను. యాభై దాటిన పంతులమ్మ ఎర్రగోళ్లతో బడికి పోతే పిల్లలు నవ్వుతారన్న సంగతి కూడా తట్టలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో రైలు కిటికీల ఎత్తున ఉన్న ఈ నాలుగో అంతస్తు ఫ్లాటులో లేను. అల్మాస్‌గూడ అవతల, రాళ్లగుట్టల నడుమ, ఒక రేకుల షెడ్డులో, ముసలి విమానం రెక్క కింద నిలబడి ఉన్నాను. ఆ విమానం ఒంటికి పూసే రంగుకు అచ్చం ఇదే వాసన. దానికి కాస్త ముగ్గిన అరటిపండు వాసన తోడయ్యేది, అంతే తేడా.

చిన్నప్పుడు మా ఇంట్లో అందరం కలిసి విమానం నడిపించాం అంటే ఎవరూ నమ్మరు. సొంతం కాదు లెండి, మాకు సైకిలే ఒకటి ఉండేది. అయినా ఒక చలికాలమంతా మా పెరట్లో పొయ్యి ఆ విమానం కోసమే రాజుకుంది. ఆ గొప్ప చెప్పుకోవడానికి నాకు ఇసుమంత సిగ్గు కూడా లేదు.

ఎనభైల మొదట్లో మేముండే ఎల్‌బీ నగర్ ఊరూ కాదు, పట్నమూ కాదు. ద్రాక్షతోటలు కొట్టేసి, ప్లాట్లు చేసి, సున్నం కొట్టిన హద్దురాళ్లు పాతి, ఇనుపరేకు మీద కాలనీ పేరు రాసి నిలబెట్టారు. పేరైతే ఉండేది గాని కాలనీ ఉండేది కాదు. ఇక్కడ పదిళ్లు, అక్కడ రెండిళ్లు, నడుమ తుమ్మచెట్లు, రేగుపొదలు, ఇంకా పీకని ద్రాక్షపందిళ్ల రాతి కూసాలు. ప్రతి ఇంటి ముందూ ఇసుక కుప్ప, కంకర కుప్ప. పిల్లలకు అవే కొండలు, అవే కోటలు. నల్గొండ పల్లెల నుంచి వచ్చిన మావంటివాళ్లూ, కృష్ణా గుంటూరుల నుంచి వచ్చినవాళ్లూ ఒకే నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి, "ఏంది" అనేవాళ్లను చూసి "ఏంటండీ" అనేవాళ్లు, వాళ్లను చూసి వీళ్లు నవ్వుకుని, ఆ తర్వాత గోంగూర పచ్చడికి బదులు సకినాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు.

హైదరాబాదులో చలేముంది అని ఇప్పుడందరూ తీసిపారేస్తారు. అప్పుడు సిమెంటు రేకుల కింద పడుకున్నవాళ్లను అడగాలి. రేకులు లోపలివైపు చెమర్చి తెల్లవారుజామున చుక్క చుక్క ముఖం మీద పడేది. దుప్పటి కప్పుకుంటే కాళ్లు చల్లన, కాళ్లు కప్పుకుంటే చెవులు చల్లన. పెరట్లో మూడు రాళ్ల మీద స్నానాల నీళ్ల రాగి కాగు, దాని కింద పందిళ్ల నుంచి ఏరుకొచ్చిన పాత కర్రలు, ఆ మంట ముందు నల్లటి గొంగడి ముసుగేసుకుని మా నాయినమ్మ. మేం పళ్లు తోముకుంటూ ఆ మంట చుట్టూ చేరేవాళ్లం. ఉప్పేసి ఉడకబెట్టిన అనపకాయలు, సజ్జరొట్టె మీద ఎల్లిపాయ కారం, బడి నుంచి వస్తూ లాగు జేబుల్లోకీ గౌను ఒడిలోకీ దులుపుకున్న రేగుపండ్లు, జనవరి రాగానే ఆకాశం నిండా పతంగులు. మా కాలనీలో పతంగి ఎగరేయనిది నేనూ, మా తమ్ముడూ మాత్రమే. మాంజా దారం ఎక్కడ విమానం రెక్కకు చుట్టుకుంటుందోనని మా నాయిన మా ఇంట్లో పతంగులు బందు చేశాడు. "పతంగి లేదా నీకు, పాపం" అని ఎవరైనా అంటే, "మా పతంగికి ఇంజను ఉంటది" అని మూతి తిప్పుకుని పోయేదాన్ని.

మా నాయిన యాదగిరి అసలు లారీ మెకానిక్కు. విజయవాడ రోడ్డు పక్కన చిన్న షెడ్డులో పనిచేసేవాడు. ఒకరోజు కొత్తపేటలో ఉండే మూర్తి సార్ స్కూటరు ఆ షెడ్డు ముందే ఆగిపోయింది. మా నాయిన దాన్ని విప్పకముందే చెవి పెట్టి విని, తప్పు ఎక్కడుందో చెప్పేశాడు. మూర్తి సార్ బందరు వైపు మనిషి, విమానాల ఇంజనీరు. అల్మాస్‌గూడ అవతలి మట్టి మైదానంలో విమానం నడపడం నేర్పే క్లబ్బులో పెద్ద మరమ్మతులన్నీ ఆయన చేతిమీదుగానే సాగేవి. "చెవులున్న మనిషివి, లారీల దగ్గర ఏం చేస్తావయ్యా, మా దగ్గరికి వచ్చెయ్" అన్నాడట. అట్లా మా నాయిన విమానాల దగ్గరికి చేరాడు.

క్లబ్బులో లోహపు విమానాలు రెండు మూడు ఉండేవి, మెరుస్తూ. వాటిని మేం పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదు. మాది షెడ్డు మూలన ఉండేది. ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానం, మా నాయిన కంటే వయసులో పెద్దది. ఇనుప గొట్టాల పంజరం, చెక్క పక్కటెముకల రెక్కలు, వాటి మీద బిగించి కుట్టిన గుడ్డ. ఆ గుడ్డ డోలు చర్మంలా బిగుసుకునేందుకు పూసేదే నేను చెప్పిన వాసన రంగు. ముందు చెక్క పంక. దాన్ని తిప్పడానికి మీట లేదు, బొత్తాం లేదు, మనిషి నిలబడి రెండు చేతులా లాగి తిప్పాల్సిందే. రెండేళ్లుగా అది ఎగరలేదు. విమానం ఎగరాలంటే బాగుందని ఏటేటా ఒక కాగితం కావాలి; ఆ కాగితం దానికి ఆగిపోయింది. ఈ చలికాలం ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు లేచి ఎగిరితే సరి, లేకపోతే తుక్కుకు అమ్మేయాలని క్లబ్బు పెద్దలు తేల్చేశారు. పాతసామాన్ల వ్యాపారి అప్పుడే టేపు తెచ్చి రెక్కలు కొలుచుకుని, "అంతా గుడ్డే ఉన్నది, ఇనుము ఏమున్నది గిండ్ల" అని పెదవి విరిచి పోయాడు. ఆ రోజు మా నాయిన అన్నం తినలేదు. మంచం మీద కూర్చుని, "దాని గుండె మంచిగుంది, ఎవరికి చెప్పాలె?" అని గోడతో అన్నట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

దసరా తర్వాత పని మొదలైంది. చిరిగినచోట గుడ్డ కుట్టడానికి మూర్తి సార్ మా అమ్మను రమ్మన్నాడు. మా అమ్మది మగ్గాల ఇల్లు. దారం పట్టుకుంటే ఆమెకు ఇంకేమీ కనిపించదు. ఆయన చూపించిన ముడి రెండుసార్లు చూసి, మూడోసారి ఆయన కంటే బిగువుగా వేసింది. ఆ రంగు కూడా చలికి మొండికేసేది. పొద్దున పూస్తే తెల్లగా పాలిపోయి ఊరుకునేది, అందుకని ఎండెక్కాక విమానాన్ని బయటికి తోసి, పదకొండు నుంచి మూడు లోపలే పూసేవాళ్లు. నెల తిరిగేసరికి రెక్కలు తట్టితే దణ్ మని మోగాయి. ఇంజను కూడా మా నాయిన మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. మధ్యాహ్నాలు చక్కగా లేచేది. చిక్కంతా పొద్దున్నే. ఇన్‌స్పెక్టరేమో పొద్దున్నే వచ్చి, పదింటికల్లా వెళ్లిపోతాడు.

డిసెంబరులో చూసుకోవాలి మా నాయిన అవస్థ. రాత్రి చలికి ఇంజనులో నూనె తేనెలా చిక్కబడిపోయేది. పంక తిప్పుదామంటే కదిలేది కాదు. కదిలితే ఒక్క దగ్గు దగ్గి పడుకునేది. గంటసేపు తిప్పి తిప్పి మా నాయిన అరచేతులు బొబ్బలెక్కేవి. లారీలవాళ్లు చలికి ఇంజను లేవకపోతే గుడ్డపేలికలు నూనెలో ముంచి అంటించి కింద పెడతారు; పాత అలవాటు కొద్దీ ఒకనాడు మా నాయిన అదే చేయబోయాడు. మూర్తి సార్ పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి, ఇసుక పోసి ఆర్పి, "ఇది లారీ కాదయ్యా! గుడ్డా, చెక్కా, పెట్రోలూ! ఆ రంగు నిప్పును చూస్తేనే అంటుకుంటుంది. మనం మిగలం, షెడ్డు మిగలదు" అని అరిచాడట. ఆనాటి నుంచి షెడ్డు చుట్టుపక్కల బీడీ కూడా బందు. మా నాయిన ఆ సంగతి ఇంటికొచ్చి తలవంచుకుని చెప్పాడు.

మా అమ్మ నా జడ వేస్తోంది. కొబ్బరినూనె పేరుకుపోయి సీసాలోంచి రావడం లేదు. సీసాను వేడినీళ్ల చెంబులో నిలబెట్టి, అటు తిరగకుండానే అంది: "నూనె పేరుకుంటె ఏం జేస్తం? వేడినీళ్లల్ల పెడతం. గిదీ నూనెనే గద? ఇంటికి పట్టుకరా, కాగుల పెడదాం."

మా నాయిన వంచిన తల ఎత్తాడు. మర్నాడు మూర్తి సార్‌కి చెబితే ఆయన నుదురు కొట్టుకుని, మంచు పడే దేశాల్లో ఇట్లాగే చేస్తారని తను ఎప్పుడో చదివానని, హైదరాబాదులో ఆ పని పడుతుందని అనుకోలేదని అన్నాడు. "మీకెవరు చెప్పారమ్మా ఇది?" అని మా అమ్మను ప్రత్యేకంగా అడిగాడు. "దీనికి చెప్పేటోళ్లు కావాల్నా సారూ" అని అమ్మ నవ్వేసింది.

ఇక అప్పటి నుంచి మా ఇంటి పద్ధతే మారిపోయింది. సాయంత్రం ఇంజను కాసేపు తిప్పి, వేడి మీద ఉండగానే నూనె ఐదు లీటర్ల డబ్బాలోకి దింపి, మా నాయిన సైకిలుకు కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. తెల్లవారుజామున ఆ డబ్బా మూత కాస్త వదులు చేసి, మెడ దాకా మునిగేట్టు కాగులో నిలబెట్టేవాళ్లం. కింద మంట, నడుమ నీళ్లు, నీళ్లలో నూనె. మొదటి డబ్బాను చూసి నాయినమ్మ, "తానం నీళ్లల్ల గిదేంది, మైల" అని గొణిగింది గాని, ఎవరూ వినిపించుకోలేదు. ఆ నీళ్లతోనే అందరం స్నానాలు. ఎంత సబ్బు రుద్దినా బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల, "మీరు లారీల పండుకుంటరా?" అని అడిగేది.

డబ్బాను వేడిగా మైదానం దాకా చేర్చడం ఇంకో చిక్కు. దారిలోనే సగం చల్లారిపోయేది. అక్కడ ఇంజను కూడా చల్లగా ఉండటంతో వేడి నూనె పోసినా లాభం ఉండేది కాదు. గొంగడి కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే, అది నాయినమ్మది, పుట్టింటి పక్క గొల్లవాళ్లు నేసి ఇచ్చింది. అడిగితే ఆమె భగ్గుమంది. "నాకు చలి వెడితె పోనియ్యి గాని, గా గుడ్డ పిట్టకు చలి వెడుతుందా మీకు!" అంది. అనకూడదు గాని మా నాయినమ్మ నోటికి జడిసి ట్యాంకరువాడే ఆమె బిందె ముందు నింపేవాడు. కానీ ఒక పొద్దున మాతోపాటు షెడ్డుకు వచ్చి, విమానం ఇంజను మీద చెయ్యి వేసి చూసి, చటుక్కున తీసేసుకుంది. "ఓ యవ్వ, మంచు లెక్క ఉన్నది, పానం ఉన్నదో లేదో" అంది. ఆ సాయంత్రం గొంగడి మడిచి తెచ్చి మా అమ్మ ముందు పడేసి, "కొయ్యి, కోసి కుట్టు" అని పోయింది. అమ్మ దబ్బనంతో ఇంజనుకు సరిపోయే చొక్కా కుట్టింది, నడుమ పంక పట్టేందుకు గుండ్రటి తొర్ర, కింద కట్టుకునే తాళ్లు. మిగిలిన ముక్క డబ్బాకు.

నాకూ పనులుండేవి. రెక్కల మీద పడ్డ మంచును అమ్మ పాత నూలు చీర ముక్కలతో తుడవాలి. తడి రెక్క బరువు రెక్క అనేవాడు మా నాయిన. పెట్రోలు టాంకీ అడుగు నుంచి గాజుసీసాలోకి కొంచెం వదిలి, ఎండకు ఎత్తిపట్టి, అడుగున నీటిపూసలు ఉన్నాయేమో చూడాలి. చలిరాత్రి సగం టాంకీలో చెమ్మ నీళ్లయి కూర్చుంటుంది. కంటి చూపు నాదే బాగా ఆనేది కాబట్టి ఆ పని నాదే. రెక్కకు ఊతంగా ఉన్న కడ్డీ మీద ముందుకు పొడుచుకొచ్చిన చిటికెనవేలంత గొట్టానికి రాత్రి తొడిగిన ఎర్రగుడ్డ టోపీ పొద్దున తీయాలి. అది ఎందుకని అడిగితే నాయిన చెప్పాడు: "గిది దాని ముక్కు బిడ్డా. గిండ్లకెళ్లి గాలి జొరవడితెనే లోపల ముల్లు లేస్తది. గప్పుడే ఎంత జోరుగ పోతున్నమో ఎరుకైతది. జోరు తెల్వకుంట దిగితె పడుడే." ఇంకొక మాట వందసార్లు చెప్పాడు, పంక ముందుకు ఎన్నడూ పోవద్దని.

జనవరిలో ఇన్‌స్పెక్టరు వచ్చేరోజు రానే వచ్చింది. ఆ చలికాలానికంతా అదే పెద్ద చలి. నోరు తెరిస్తే పొగ. ఇంకా తెల్లారని మబ్బులోనే కాగు కింద మంట పెట్టి, డబ్బా వేడెక్కాక ఇంటిల్లిపాదీ ఆటోలో బయల్దేరాం. గొంగడి చుట్టిన డబ్బాను నాయినమ్మ పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది. మా నాయిన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. షెడ్డు చేరగానే వేడి నూనె ఇంజనులో పోసి, గొంగడి చొక్కా తొడిగి తాళ్లు బిగించాడు. నేను రెక్కలు తుడిచాను, నీళ్లు చూశాను, ఎర్రటోపీ తీశాను. నాయిన చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయాడు. అంతలో నాయినమ్మ పసుపు, కుంకుమ, పూలు తీసింది. పంకకు బొట్టు పెట్టింది. మంచిపనికి ముందు దేన్నీ ఊరికే వదలదు ఆమె. ఇంట్లోకి కొత్త కుండ వచ్చినా బొట్టు పెట్టాల్సిందే. తర్వాత అగరబత్తులు తీసి ఎక్కడ గుచ్చాలా అని చుట్టూ చూసింది. గుచ్చడానికే చేసినట్టు ఆ గొట్టం కనబడింది. రెండు బత్తులు కలిపి అందులో దోపింది.

"నాయినమ్మా, అది ముక్కు!" అన్నాను. ఆమె ఉలిక్కిపడి లాగింది. పుటుక్కున విరిగి, బత్తులు చేతికొచ్చాయి, కాడల మొనలు లోపలే ఉండిపోయాయి. గోటితో గెలికింది, ఇంకాస్త లోపలికి పోయాయి. అప్పుడే జీపు చప్పుడయింది. "ఏం గాదు తియ్. చెప్పకు, మీ నాయిన పరేషాన్ అయితడు" అని నా చెయ్యి నొక్కి, నన్ను పక్కకు లాక్కుపోయింది.

జీపులోంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. ఉత్తరాది మనిషి, ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. వెంట మా క్లబ్బు కెప్టెన్ సాబ్, తెల్లమీసాల పాతబస్తీ పెద్దమనిషి. ఇన్‌స్పెక్టరు విమానం చుట్టూ తిరుగుతూ తట్టాడు, గుంజాడు, మా అమ్మ కుట్లను వేళ్లతో తడిమి తల ఊపాడు. గొంగడిని చూసి ఆగి, దాని కింద చెయ్యి పెట్టి, వేడి తగిలి ఆశ్చర్యపోయి మూర్తి సార్ వైపు తిరిగాడు. మూర్తి సార్ ఏదో చెప్పాడు. ఆయన మా అమ్మను చూసి చిన్నగా నవ్వాడు. నాకేం సంతోషం కలగలేదు. నా కళ్లు ఆ గొట్టం మీదే ఉన్నాయి. చెబితే నాయినమ్మకు అవమానం, విమానం తుక్కుకు పోతుంది. చెప్పకపోతే? చూద్దాం, అసలు ఇంజను లేవదేమో అనుకున్నాను. దేవుడా, లేవకపోతే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గొంగడి విప్పారు. కెప్టెన్ సాబ్ లోపల కూర్చున్నాడు. మా నాయిన పంక ముందు నిలబడి అరచేతులు రుద్దుకుని ఒకసారి లాగాడు. అది మెత్తగా తిరిగింది, నెల కిందటి మొండితనం లేదు. రెండోసారి లాగాడు. దగ్గలేదు, తుమ్మలేదు, భళ్లున అందుకుని గుట్టలు మోగేలా తిరిగింది! మూర్తి సార్ గాల్లోకి ఎగిరి గంతేశాడు, ఆ వయసులో. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా నాయిన పక్కకు వచ్చి నిలబడి, ముఖం తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు కెప్టెన్ సాబ్ కిటికీలోంచి చెయ్యి ఊపి నాయినను పిలిచాడు. ఆయనదో పట్టింపు ఉండేది: మరమ్మతు తర్వాత మొదటిసారి ఎగిరినప్పుడు, బిగించినవాడు పక్కన కూర్చోవాలి. నాకు ఆ సంగతి తెలియదు. మా నాయిన చెప్పులు విడిచి, మెట్టుకు దండం పెట్టి, లోపలికి ఎక్కాడు. మూడేళ్లుగా విమానాల దగ్గర పనిచేస్తూ ఆయన అప్పటిదాకా ఒక్కసారి కూడా ఎగరలేదు.

విమానం కదిలింది. నాయినమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. విడిపించుకున్నాను. నేల మీద ఉన్న గొంగడి చొక్కా అందుకుని, పంక వైపు పోకుండా, మైదానం అంచు వెంట, కెప్టెన్ సాబ్ కిటికీకి కనిపించేట్టు దూరంగా పరుగెత్తి, రెండు చేతులతో ఆ గొంగడిని పైకెత్తి ఊపాను. "ఆగున్రి! నాయినా, ఆగున్రి!" గొంతు ఇంజను చప్పుడులో కలిసిపోయింది గాని, నల్లటి గొంగడి కనబడింది. విమానం ఆగింది. పంక నిలిచిపోయింది. అంత కష్టపడి లేపినదాన్ని నేను ఆపేశాను.

అందరూ నా చుట్టూ చేరారు. "నాయినమ్మ అగరబత్తులు గుచ్చింది. ముక్కలు ముక్కులనే ఉన్నయి" అన్నాను, ఏడుస్తూ. మా నాయిన తన తల్లి వైపు చూశాడు. ఎన్నడూ ఎవరికీ జడవని మా నాయినమ్మ, చేతులు జోడించి మూర్తి సార్‌తో అంది: "అంటియ్యలే సారూ! అగ్గి వద్దన్నరని, అంటియ్యకుంటనే గుచ్చిన!"

కెప్టెన్ సాబ్ మొదట పగలబడి నవ్వాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. మా నాయిన గొట్టానికి నోరు పెట్టి ఊదబోతే, "ఊదకు! లోపల డయలు పగులుతుంది" అని మూర్తి సార్ భుజం పట్టి లాగి, లోపలికి పోయి డయలు వెనక పైపు విప్పి, "ఇప్పుడు ఇటు నుంచి ఊదు" అన్నాడు. నాయిన గుండెనిండా ఊపిరి పీల్చి ఊదాడు. రెండు ముక్కలు టప్పున నేల మీద పడ్డాయి, వెంట మల్లెపూల వాసన. నాయినమ్మ వాటిని ఏరి కళ్లకద్దుకుంది. మూర్తి సార్ ఇన్‌స్పెక్టరుకు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. "ఇన్‌సెన్స్ స్టిక్, సర్... గ్రాండ్‌మదర్... రిలీజియస్..." అంటూ మధ్యలో మాట తట్టక నిలిచిపోయాడు. ఇన్‌స్పెక్టరు అదంతా వదిలేసి నా వైపు తిరిగి, ఆ గొట్టం దేనికో నీకు తెలుసా అని అడిగించాడు. ముక్కు ఎగబీల్చుకుని, నాయిన చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. మూర్తి సార్ దాన్ని తర్జుమా చేస్తుంటే ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది. వంగి, పెద్దవాళ్లకు ఇచ్చినట్టు నాకు చెయ్యి ఇచ్చాడు. నా చేతి నిండా గొంగడి నూగు.

పైపు బిగించారు. నాయిన మళ్లీ పంక ముందు నిలబడ్డాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి లాగాడు. వేడి మీదున్న ఇంజను పిలిచినట్టు పలికింది. చెప్పులు లేని కాళ్లతో మళ్లీ ఎక్కాడు. విమానం దుమ్ము లేపుకుంటూ పోయి పోయి, నేలను వదిలింది! కింద నీడ విడిపోయింది. మా అమ్మ కుట్టిన కుట్లు, మా కాగులో కాగిన నూనె, మా నాయినమ్మ పెట్టిన బొట్టు, అన్నీ కలిసి గుట్టల పైకి లేచి, ఎండలో పసుప్పచ్చగా తిరిగి, సరూర్‌నగర్ చెరువు వైపు పోయాయి. మేమంతా తల పైకెత్తి అరుస్తున్నాం, ఏమని అరిచామో తెలియదు. పతంగులన్నీ దాని కిందే ఉన్నాయి.

పావుగంటకు దిగింది. ఇన్‌స్పెక్టరు జీపు ముందు మూత మీదనే కాగితం పెట్టి సంతకం చేశాడు. నాయినమ్మ దూరంగా పోయి కొబ్బరికాయ కొట్టి, సకినాల డబ్బా తీసి ముందు ఆయనకే పెట్టింది. ఆయన కరకర నమిలి ఇంకోటి అడిగాడు. విమానం దిగిన మా నాయిన ఆమె దగ్గరికొచ్చి, "అమ్మా, మనిల్లు కనవడ్డదే" అన్నాడు. "పైకెల్లి అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయి. కాగు కింద పొగ ఒక్కటే లేస్తుంది. గా పొగ పట్టుకోనే గుర్తువట్టిన." మా అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, పొయ్యి ఆర్పుడు మర్శిన!" అంది. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

ఆ తర్వాత అది ఇంకా చాలా చలికాలాలు ఎగిరింది. విడిభాగాలు దొరకడం మానేశాక, రెక్కలు విప్పి ఏదో కాలేజీలో పిల్లలకు చూపించడానికి తీసుకుపోయారు. తుక్కులోకి మాత్రం పోలేదు, అది మా గెలుపు. మైదానంలో ఇప్పుడు ఇళ్లు, ఒక ఫంక్షన్ హాలు. ద్రాక్షతోటల కూసాలు ఒక్కటీ లేవు. మా రేకుల ఇంటి చోట ఐదంతస్తులు లేచాయి, కాగులు పోయి గీజర్లు వచ్చాయి. నాయినమ్మ, మూర్తి సార్, ఆఖరికి నాయిన, ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. గొంగడి చొక్కా మా అటక మీద ఉంది.

ఆ ఆదివారం గోళ్ల రంగు ఆరాక ఆ గొంగడి చొక్కాను దింపి ఎండకేద్దామని డాబా మీదికి తీసుకుపోయాను. పిల్ల వెంట వచ్చి, నడుమ తొర్రలో తల దూర్చి, "గీ తొర్ర ఎందుకత్తా?" అంది. "అది విమానం వేసుకున్న చొక్కా" అన్నాను. "పో అత్తా!" అని నవ్వింది. అప్పుడే శంషాబాదు వైపు దిగుతూ ఒక పెద్ద విమానం మా నెత్తిమీదుగా పోతోంది. పైనుంచి చూసేవాళ్లకు ఇన్ని డాబాల్లో మా ఇల్లు ఏదో తెలియడానికి పొగైనా లేదు. ఎర్రగోళ్ల చేతులతో గొంగడి అందుకుని, పైకెత్తి, ఆనాటిలాగే ఊపాను. ఆ రోజు ఆగమని ఊపాను. ఈసారి పొమ్మని ఊపాను.